పసుపు కళ్ళకు అంటదు

ఆ రోజు సాయవ్వ కాలికి కట్టు కట్టి లేవబోతే లేవలేకపోయాను. పీట మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. రెండు పిక్కలనూ ఎవరో తడిబట్టల్లా పిండుతున్నట్టుంది. నేను ఏఎన్ఎంని. ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసిన మనిషిని. కాళ్ళు నొప్పి అని ఎవరైనా అంటే విసుక్కునేదాన్నే తప్ప నా నోట ఆ మాట ఏనాడూ రాలేదు.

"ఏమైంది నర్సమ్మా, లెవ్వస్తలేదా?" అంది సాయవ్వ.

"ఏం లే. నీ కాలుకు గింత మర్యాద జేస్తున్ననని నా కాళ్ళు అలిగినయ్" అన్నాను.

ఆమె పకపకా నవ్వి నా చంకల కింద చేతులు వేసి లేపింది. నా జబ్బు మొదటి లక్షణం అలా నవ్వులాటలో కొట్టుకుపోయింది.

సాయవ్వ గురించి చెప్పాలంటే ముందు ఆ తుపాను గురించి చెప్పాలి. తుపాను అంటే సముద్రం పక్కవాళ్ళ కష్టమని మా నమ్మకం. టీవీలో చూసి అయ్యో పాపం అనుకుని ఛానల్ మారుస్తాం. ఆసారి మాత్రం అది తీరం దాటాక కూడా ఆగకుండా వచ్చి మా నెత్తి మీదే కూర్చుంది. ఒకటే వాన. వాగులు రోడ్లెక్కాయి. కమ్మర్‌పల్లి వైపు రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్నలు కళ్ళ ముందే కొట్టుకుపోయాయి. పెర్కిట్‌లో పల్లంలో ఉన్న ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అక్కడివాళ్ళందరినీ ఒక ఫంక్షన్ హాలుకు చేరిస్తే, మా పీహెచ్‌సీ వాళ్ళం అందులోనే మెడికల్ క్యాంపు పెట్టాం. పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీలో మా డాక్టరు, ఆమె పక్కన పెళ్ళికూతురి కుర్చీలో మందుల డబ్బాలు.

డాక్టర్ శ్రావణి మేడం మా దగ్గరికి కొత్తగా వచ్చింది. సముద్రం దగ్గరి ఊరు ఆమెది. తుపాన్లు చూస్తూ పెరిగిన పిల్ల. "నీళ్ళు వచ్చినప్పుడు కాదండీ, నీళ్ళు తీశాక ఉంటుంది మనకు అసలు పని" అని మొదటి రోజే చెప్పింది. అన్నట్టే అయింది. విరేచనాలు, పుళ్ళు, దగ్గులు, పాము కరిచిందేమోనన్న భయాలు, బీపీ బిళ్ళలు నీళ్ళలో పోయినవాళ్ళు. ఒకామెకు నొప్పులు మొదలైతే మా ఆయన గంగాధర్ తన ఆటోలో ఎక్కించుకుని నీళ్ళ మధ్య నుంచే ఆర్మూర్ దవాఖానకు చేర్చాడు. ఆడపిల్ల పుట్టింది. ఎవరూ చావలేదు మా క్యాంపులో. ఈ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా తలెత్తుకుని చెబుతాను.

క్యాంపుకు రానిది ఒక్క సాయవ్వ జట్టే. వాళ్ళు పసుపు ఏరే ఆడవాళ్ళు. మంచి ధర వచ్చేదాకా రైతులు పసుపు దాచుకునే గోదాములోకి నీళ్ళొచ్చాయి. తడిసిన బస్తాలు విప్పి, మంచి కొమ్ములు వేరు చేసి, ఆరబెట్టకపోతే మొత్తం బూజు పడుతుంది. అందుకని వాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పొద్దంతా పని చేస్తున్నారు. పసుపు, బురద, చచ్చిన ఎలుకలు, బతికున్న ఎలుకలు, అన్నీ ఆ నీళ్ళలోనే.

"పని ఇడిసిపెట్టి యాడికొస్తం నర్సమ్మా? పసుపు ఖరాబైతే రైతు మునుగుతడు" అంది సాయవ్వ ఫోన్‌లో.

రారా? మంచిది. నేనే పోయాను. మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని, చీర ఎగ్గట్టి, ఆ నీళ్ళలో దిగాను. రోజూ పోయాను. నీళ్ళలో నాని పాసిపోయిన వేళ్ళ సందులు, గాజుపెంకు గీసిన అరికాళ్ళు, ఒక్కొక్కరివి కడిగి, మందు రాసి, కట్లు కట్టాను. టీటీ సూదులు వేశాను. వాళ్ళ చేతులూ కాళ్ళూ పట్టుకుని పట్టుకుని నా చేతులు మోచేతుల దాకా పసుపు పచ్చగా అయ్యాయి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. క్యాంపు పెట్టిన మొదటి రోజు ఒక హమాలీ చేయి పట్టుకుని శ్రావణి మేడం ఉలిక్కిపడింది. "ఈయనకు జాండిస్ ఉంది, ఎన్నాళ్ళ నుంచి?" అంది. హాలంతా గొల్లుమంది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

"మేడం, గిది ఆర్మూర్. గట్లయితే మా మార్కెట్ యార్డంత అడ్మిట్ జెయ్యాలె మీరు" అన్నాను.

పాపం, ముఖం కందగడ్డలా అయింది. తర్వాత తనూ నవ్వింది. రెండు రోజులు గడిచేసరికి ఎవరి పచ్చటి అరచేయి చూసినా "పసుపేగా" అని వదిలేయడం నేర్చుకుంది. మేడం మా మనిషైపోయిందని మాకు సంబరం.

పిక్కల నొప్పి వచ్చిన సాయంత్రమే చలితో జ్వరం వచ్చింది. తల పగిలిపోతోంది. కళ్ళు ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి. హాల్లో అప్పటికే కండ్లకలక తిరుగుతోంది, నాకూ అంటుకుందనుకున్నాను. పారాసిటమాల్ వేసుకుని మర్నాడు మళ్ళీ క్యాంపుకు బయల్దేరాను.

"ఇంట్ల పండుకో. పాణం బాగలేనప్పుడు నౌకరేంది?" అన్నాడు గంగాధర్.

"నేను పండుకుంటే క్యాంపు ఎవరు జూస్తరు? నువ్వు జూస్తవా, నీ ఆటో జూస్తదా?"

"నీతోని మాట్లాడి గెల్సుడు నా తాతతోని గూడ కాదు" అని ఆటో స్టార్ట్ చేశాడు.

మలేరియా కిట్‌తో చూశారు, నెగెటివ్. డెంగీ ఎన్ఎస్ఒన్, నెగెటివ్. "వైరల్ ఫీవర్ అయ్యుంటుంది, అలసట కూడా" అంది మేడం. ఇంకో మూడు రోజులకు వాంతులు పట్టుకున్నాయి. మంచినీళ్ళు కూడా నిలవడం లేదు. క్యాంపులోనే ఒక పరుపు మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. ఒంటేలు కొంచెమే వస్తోంది, అదీ చాయ్ డికాక్షన్ రంగులో. ఒంట్లో నీళ్ళు తక్కువయ్యాయి కాబట్టి అంతే అని నేనే చెప్పాను, మేడం కూడా అదే అంది. గంగాధర్ నిమ్మచెక్క తెచ్చి నా చేతులు రుద్ది రుద్ది అలసిపోయాడు.

"నాలుగు దినాలాయె నువ్వు గోదాంల దిగక. ఈ రంగు పోదేంది?"

"తడి పసుపు గది. పోతదా గంత జల్ది? ఈ ఊర్లనే పుట్టినవ్, నీకు ఎర్కలేదా?"

అతనికీ నిజమే అనిపించింది. ఆర్మూర్‌లో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. చెయ్యి పచ్చగా ఉంటే ఇక్కడ వింత కాదు, తెల్లగా ఉంటేనే వింత.

ఆ మర్నాడు పొద్దున చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. హాలు తలుపులు బార్లా తీశారు. శ్రావణి మేడం సెలైన్ సరిచేయడానికి నా మీదికి వంగింది. నా ముఖంలోకి చూసి ఆగిపోయింది. నా కళ్ళ ఎరుపు అప్పటికి తగ్గిందట.

"విజయగారూ, ఒకటి అడుగుతాను. నవ్వకూడదు."

"నవ్వ మేడం."

"పసుపు కళ్ళలోకి కూడా ఎక్కుతుందా?"

"ఎక్కది మేడం" అన్నాను.

అన్నాను గానీ, ఆ మాట బయటికొచ్చాకే దాని అర్థం నాకు తట్టింది. ఆమె మెల్లగా నా కింది రెప్ప కిందికి లాగింది.

"నిజంగా ఎక్కదా?"

"ఎక్కది. చెయ్యికి అంటుతది, గోరుకు అంటుతది, చీరకు అంటుతది. కండ్లకు అంటది."

ఆమె నా పిక్క మీద చిన్నగా నొక్కింది. కెవ్వుమన్నాను. "లెప్టో" అంది తనలో తాను. "లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వస్తుంది. మా వైపు ప్రతి తుపాను తర్వాతా చూస్తామండీ ఇది. కళ్ళెదుట పెట్టుకుని..." అంది.

"ఊకో మేడం. మేమే కదా నవ్వి మీ నోరు మూయించినం" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. కాసేపటికే అంబులెన్సు వచ్చింది.

నిజామాబాద్ పెద్ద దవాఖానలో రక్తాలు తీశారు. డ్యూటీ డాక్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "సిస్టర్, మీకు తెలియంది కాదు. బిలిరుబిన్ బాగా పెరిగింది. ప్లేట్‌లెట్స్ తక్కువ. క్రియాటినిన్ చూస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయి. లెప్టో అవునో కాదో తేల్చే ఐజీఎం టెస్టుకు పంపాం గానీ అది వచ్చేదాకా ఆగం, యాంటీబయాటిక్ ఇప్పుడే మొదలుపెడుతున్నాం." నాకు తెలియంది కాదు నిజమే. తెలిసిన మనిషికి భయం ఇంకా ఎక్కువ. పడుకుని పైకప్పు ఫ్యాను చూస్తూ చస్తానేమో అనుకున్నాను. వెంటనే సాయవ్వ జట్టు గుర్తొచ్చింది. నేను రోజుకు కాసేపు దిగిన నీళ్ళలో వాళ్ళు పొద్దంతా నిలబడ్డారు.

మేడంకు ఫోన్ చేశాను. ఆమె అప్పటికే గోదాము ముందు ఉంది. "వస్తే మాట వినట్లేదండీ వీళ్ళు. మాకేం జ్వరం లేదు, పొమ్మంటున్నారు" అంది.

"వీడియో పెట్టుండ్రి మేడం. సాయవ్వకియ్యుండ్రి ఫోన్."

తెర మీద సాయవ్వ ముఖం కనిపించింది. "అయ్యో నర్సమ్మా, గిదేం గతే!" అంది నన్ను చూడగానే.

"నా గతి తర్వాత. నా కండ్లు జూసినవా? పచ్చగున్నయా లేవా? గా నీళ్ళల్లకెల్లే వచ్చింది. నీకు పిక్కలు గుంజుతున్నయా? నిజం చెప్పు."

ఆమె వంగి పిక్క తడుముకుంది. "గుంజుతున్నయ్. పని నొప్పులనుకున్న" అంది.

"అందర్ని బయటికి గుంజుకరా. ఎండల నిలవడుండ్రి. కింది రెప్ప గుంజి మేడంకు చూపియ్యుండ్రి. చేతులు కాదు, కండ్లు. రానోళ్ళుంటే చెప్పు, సూది పీక్కొని నేనే వస్త."

వచ్చారు! మేడం ఫోన్ అటు తిప్పింది. గోదాము ముందు వరసగా ఆడవాళ్ళు, పచ్చటి వేళ్ళతో రెప్పలు కిందికి లాక్కుని, సూర్యుడి వైపు ముఖాలు పెట్టి నిలబడ్డారు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. సాయవ్వ కళ్ళలో పసుపు మొదలైంది. ఇంకో ఇద్దరికి జ్వరం ఉంది, చెప్పలేదంతే. ముగ్గురినీ ఆ పూటే ఆర్మూర్ దవాఖానలో చేర్చారు. మిగతావాళ్ళకు మేడం జబ్బు రాకుండా డాక్సీసైక్లిన్ బిళ్ళలు దగ్గరుండి మింగించింది. ముందే దొరికారు కాబట్టి వాళ్ళలో ఎవరూ డయాలసిస్ దాకా పోలేదు. నేను పడి ఉన్నది ఆసుపత్రి మంచం మీదే గానీ, ఆ రోజు నేను చేసినంత డ్యూటీ నా సర్వీసులో ఇంకెప్పుడూ చేయలేదు.

నా పరిస్థితి మాత్రం దిగజారింది. ఒంటేలు పూర్తిగా ఆగిపోయింది. ముఖం ఉబ్బింది, ఊపిరి ఆడటం లేదు. మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు.

అప్పుడు మా అత్తమ్మ వచ్చింది, కొంగు చాటున ఒక సీసాతో. కామెర్లకు పసరు మందు. మా వైపు కామెర్లంటే చాలామంది ముందు పోయేది పసరు పోసేవాళ్ళ దగ్గరికే. గంగాధర్ గుమ్మంలో నిలబడి నా ముఖం చూడకుండా అన్నాడు. "అమ్మ మస్తు పరేషాన్ అయితుంది. జర గది గూడ తాగరాదు? ఏమైతది?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మాట్లాడటానికి ఊపిరి లేదు, అయినా మాట్లాడాను. "ఇరవై ఏండ్లు గడప గడపకు తిరిగి పసరు వద్దని మొత్తుకున్న. ఇయ్యాల్ల పాణం మీదికొచ్చిందని నేనే తాగితే, రేపు ఏ మొఖం పెట్టుకొని మల్ల ఆ గడపలు తొక్కాలె? సచ్చిన సరే, తాగ."

"సచ్చిన గిచ్చిన అనకు" అని అతను గోడకు తిరిగి ఏడ్చాడు. పెళ్ళైనప్పటి నుంచి అతను ఏడవడం నేను చూడలేదు.

అత్తమ్మ సీసాను మళ్ళీ కొంగు చాటుకు తీసుకుంది. కిడ్నీ డాక్టరు రౌండ్స్‌కు రాగానే దారికి అడ్డం నిలబడింది. "సారూ, గీ మిషన్ నా కోడల్ని బతికిస్తదా? ఉన్నమాట చెప్పు."

ఆయన విసుక్కోలేదు. "అమ్మా, ఆమె కిడ్నీలు ఇప్పుడు పని చేయట్లేదు. అవి కోలుకునేదాకా వాటి పని ఈ మిషన్ చేస్తుంది. ఈ జబ్బులో చాలామందికి కోలుకుంటాయి. ఈమెకు కోలుకుంటాయని మాత్రం నేను మాటివ్వలేను. వేరే మందు ఏదైనా ఇస్తే లివర్ ఇంకా పాడవుతుంది" అన్నాడు.

ఆమె వెళ్ళి సీసా బయట మోరీలో పారబోసి వచ్చింది. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

కొంచెం తేరుకుంటున్నాననగా మళ్ళీ చలిజ్వరం. డయాలసిస్ గొట్టానికి ఇన్‌ఫెక్షన్. అది తీసి ఇంకోటి వేశారు. ప్లేట్‌లెట్స్ ఇంకా పడిపోయాయి, రక్తదాతలు కావాలన్నారు. గోదాము నీళ్ళలో దిగినవాళ్ళు ఇవ్వకూడదు. మార్కెట్ యార్డు హమాలీలకు కబురు పోయింది. పని ఆపుకుని వచ్చారు. బ్లడ్ బ్యాంకులో కూర్చున్న అమ్మాయి వాళ్ళ చేతులు చూసి బెదిరిపోయి, "మీకందరికీ జాండిస్ ఉంది, తీసుకోం" అందట. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అందరూ ఒక్కసారే రెప్పలు కిందికి లాగి, "గిది పసుపు బిడ్డా, కండ్లు జూడు" అన్నారట. ఆ అమ్మాయి అన్ని పరీక్షలూ చేసుకునే తీసుకుందనుకోండి. గంగాధర్ ఈ సంగతి చెబుతుంటే మెడ దగ్గర గొట్టానికి వేసిన కుట్లు నొప్పి పెట్టేంత నవ్వాను.

ఆ తర్వాత ఒక పొద్దున మంచానికి వేలాడే సంచిలో ఒంటేలు కనిపించింది. కొంచెమే. నర్సు సంచి ఎత్తి చూపించింది. గంగాధర్ వార్డు దద్దరిల్లేలా "వచ్చింది!" అని అరిచాడు. పక్క మంచాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతటితో ఆగాడా? ఆటో స్టాండుకు ఫోన్ చేసి అందరికీ చెప్పాడు. సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. దుప్పటి లోపల మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను. రోజురోజుకూ ఎక్కువైంది. క్రియాటినిన్ దిగుతూ వచ్చింది. "ఇక డయాలసిస్ అక్కర్లేదు సిస్టర్" అని కిడ్నీ డాక్టరు అన్నప్పుడు, నేను ఆయన చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చాక కూడా మంచం నుంచి వాకిలి దాకా నడవడమే గొప్పగా ఉండేది. ఉప్పు తక్కువ, నీళ్ళు లెక్క ప్రకారం. సాయవ్వ అప్పటికి కోలుకుని నన్ను చూడటానికి వచ్చింది. నూనె గిన్నె తీసుకుని నా పిక్కలు రుద్దడం మొదలుపెట్టింది. వద్దన్నాను. "నువ్వు మా కాళ్ళు కడిగినవ్. గప్పుడు మేం వద్దన్నమా?" అంది. కాళ్ళు ఆమె ముందుకు చాపాను.

ఇప్పుడు మళ్ళీ డ్యూటీలో ఉన్నాను. మునుపటిలా పరుగెత్తలేను, ఆటోలో తిరుగుతున్నాను. డాక్టరు చెప్పినప్పుడల్లా క్రియాటినిన్ చూపించుకుంటాను. వరద నీళ్ళలో దిగాల్సి వస్తే గంబూట్లు వేసుకుంటాను, శ్రావణి మేడం చెప్పినట్టు ముందుగా బిళ్ళ మింగుతాను, నాతో దిగేవాళ్ళ చేత మింగిస్తాను. మేడం ఇప్పుడు ఎవరు ఎంత నవ్వినా సరే అడగాల్సింది అడుగుతుంది. నవ్వేవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

చదివేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. వానలూ వరదలూ అయ్యాక జ్వరం వస్తే డాక్టరు ముందు అందరం జ్వరం గురించే చెబుతాం. ఆయన అడగడు, మనం చెప్పం, నీళ్ళ సంగతి అక్కడే మరుగున పడుతుంది. నేను ఏఎన్ఎంని అయ్యుండీ నా గురించి చెప్పలేదు. ఎందుకంటే నీళ్ళలో దిగడం నాకు రోగం సంగతిగా తోచలేదు, పని సంగతిగా తోచింది. మీరు మాత్రం ముందుగా ఆ మాటే చెప్పండి.

ఈ వానాకాలం ఒక రోజు మా పీహెచ్‌సీ ఓపీలో కమ్మర్‌పల్లి దిక్కు రైతు ఒకాయన వచ్చి కూర్చున్నాడు. వణుకుతున్నాడు. పసుపు చేనులో నిలిచిన నీళ్ళు తీసి తీసి జ్వరం తెచ్చుకున్నాడు. ఆయన వంతు రాగానే లేచి "మేడం, రెండు దినాల నుంచి జెరం..." అని మొదలుపెట్టాడు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన సాయవ్వ వెనక బెంచీ మీది నుంచి గట్టిగా అంది.

"ఓ అన్నా, జెరం సంగతి ఆగు. నీళ్ళల్ల నిలవడ్డ అని ముందుగాల చెప్పు."

శ్రావణి మేడం నా వైపు చూసింది. నేను చెప్పాల్సింది ఇంకేం మిగల్లేదు. ఆయన్ని కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి రక్తం తీయడానికి చేయి పట్టుకున్నాను.